చంటిబిడ్డతో బస: ఎక్కడ ఏ బేబీ మానిటర్ నిలబడుతుంది

ఇంట్లో నెలల తరబడి మారు మాట్లాడకుండా పనిచేసిన స్మార్ట్ బేబీ మానిటర్ (నిద్రపోయే బిడ్డను వైఫై ద్వారా మన ఫోన్‌లో చూపించే కెమెరా), హోటల్ గదిలో మొదటి రాత్రే మొండికేస్తుంది. చాలాసార్లు తప్పు కెమెరాది కాదు. హోటల్ వైఫైకి కలిపితే ముందు ఒక పేజీ తెరుచుకుంటుంది. గది నంబరు, ఇంటిపేరు కొట్టమంటుంది, లేదంటే ఓటీపీ అడుగుతుంది. ఫోన్ అయితే ఆ పేజీ చూపిస్తుంది. కెమెరాకు తెరా లేదు, బ్రౌజరూ లేదు, కాబట్టి గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

ఆ గుమ్మం దాటినా ఇంకో రెండు చిక్కులున్నాయి. పెద్ద హోటళ్ల నెట్‌వర్క్‌లో ఒకరి పరికరం ఇంకొకరికి కనబడకుండా కట్టడి చేస్తారు. అది మన భద్రత కోసమే గానీ, ఇంటర్నెట్ చుట్టూ తిరగకుండా నేరుగా ఫోన్‌తో మాట్లాడే కెమెరాలు దానివల్ల మూగబోతాయి. పైగా వైఫై 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్లలో వస్తుంది, చాలా కెమెరాలకు 2.4 తప్ప తెలియదు. గదిలో 5 గిగాహెర్ట్జ్ ఒక్కటే వస్తుంటే జాబితాలో ఆ వైఫై పేరే కనిపించదు.

మూడింటికీ మందు ఒకటే: మన నెట్‌వర్క్‌ను మనమే వెంట తీసుకెళ్లడం. టీపీ-లింక్, జీఎల్ ఐనెట్ లాంటి సంస్థలు అరచేతిలో పట్టే ట్రావెల్ రూటర్లు అమ్ముతున్నాయి, వాటిలో రెండు బ్యాండ్లూ ఉన్న రకం తీసుకోవాలి. బయల్దేరే ముందు ఇంట్లోనే దాని 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి ఇంటి వైఫై పేరునే, అదే పాస్‌వర్డ్‌నే పెట్టేయాలి. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా రాకూడదు. హోటల్లో రూటర్‌ను ప్లగ్‌లో పెట్టి, ఫోన్‌ను దానికి కలిపి, సెట్టింగ్స్ పేజీలో హాట్‌స్పాట్ మోడ్ (కొన్నింట్లో రిపీటర్ అని ఉంటుంది) ఎంచుకుని హోటల్ వైఫైని పట్టుకోవాలి. తర్వాత ఫోన్ బ్రౌజర్‌లో ఏదో ఒక సైటు తెరిస్తే హోటల్ లాగిన్ పేజీ వస్తుంది. వివరాలు ఒకసారి కొడితే చాలు, హోటల్ లెక్కలో రూటర్ ఒక్కటే పరికరం. కెమెరా ఇల్లే అనుకుని తనంతట తానే కలిసిపోతుంది. లాగిన్ పేజీ రాకపోతే ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్, వీపీఎన్ ఆపి చూడాలి. జీఎల్ ఐనెట్ రూటర్లలో డీఎన్ఎస్ రీబైండింగ్ రక్షణ అనే సెట్టింగ్‌ను కూడా కాసేపు ఆపాల్సి రావచ్చు.

ఒక్క జాగ్రత్త. చాలా హోటళ్లలో లాగిన్ గడువు 24 గంటలే. రాత్రి తొమ్మిదికి లాగిన్ అయితే మర్నాడు రాత్రి తొమ్మిదికి, సరిగ్గా బిడ్డ నిద్రపోయే వేళకే, లైను తెగుతుంది. మధ్యాహ్నం చెకిన్ అవ్వగానే లాగిన్ అయిపోతే ఆ తెగేదేదో పగలే తెగుతుంది.

రూటర్ లేకపోతే రెండో ఫోన్ హాట్‌స్పాట్. ఐఫోన్‌లో 'మ్యాగ్జిమైజ్ కంపాటిబిలిటీ' ఆన్ చేస్తేనే 2.4లో వస్తుంది. ఆండ్రాయిడ్‌లో హాట్‌స్పాట్ బ్యాండ్ అనే చోట మార్చుకోవాలి. డేటా లెక్క మాత్రం ముందే వేసుకోవాలి. 1080పీ వీడియో 1.5 ఎంబీపీఎస్ దగ్గర నడిస్తే గంటకు దాదాపు 0.7 జీబీ, ఎనిమిది గంటలు ఆపకుండా చూస్తే అయిదు జీబీ పైనే. నాణ్యత తగ్గించి 400 కేబీపీఎస్‌కు తెస్తే గంటకు 0.18 జీబీ, రాత్రంతా కలిపి 1.4 జీబీ. రోజువారీ కోటా అర్ధరాత్రి 12కు కొత్తగా మొదలవుతుంది కాబట్టి ఒక రాత్రి రెండు కోటాల్లోకి సర్దుకుంటుంది, అది మన అదృష్టం. కోటా అయిపోయి వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతే బొమ్మ ఆగిపోతుంది, ఏడుపు కూడా ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. ఇంకో సంగతి, హాట్‌స్పాట్ ఇచ్చే ఫోన్ గదిలోనే ఉండాలి. దాన్నే జేబులో వేసుకుని టిఫిన్‌కు కిందికి దిగితే నెట్‌వర్క్ కూడా టిఫిన్‌కు వచ్చేస్తుంది.

ఏ బసలోనైనా సామాను దింపాక చేయాల్సిన పరీక్ష ఒకటుంది. ఫోన్ లాక్ చేసి జేబులో పెట్టుకుని, కెమెరా ప్లగ్ పీకేసి, 'కెమెరా ఆఫ్‌లైన్' అనే హెచ్చరిక ఎంతసేపటికి వస్తుందో గడియారం చూడాలి. అర నిమిషంలో వస్తే మంచి యాప్. అయిదు నిమిషాలైనా రాకపోతే ఆ మానిటర్ నిశ్శబ్దాన్ని నమ్మడానికి లేదు, ఎందుకంటే బిడ్డ నిద్రపోతున్నా, లైను తెగిపోయినా ఫోన్ ఒకేలా ఉంటుంది. తప్పు యాప్‌దే అనుకోనక్కర్లేదు. షావోమీ, రియల్‌మీ, వివో ఫోన్లు బ్యాటరీ ఆదా పేరుతో వెనక నడిచే యాప్‌లను చంపేస్తాయి. మానిటర్ యాప్‌కు ఆటోస్టార్ట్ ఇచ్చి, బ్యాటరీ ఆంక్షలు తీసేసి మళ్లీ పరీక్షించాలి.

బసల్లో ఈ పనికి అన్నిటికన్నా నయం సర్వీస్ అపార్ట్‌మెంట్. రూటర్ ఫ్లాట్‌లోనే ఉంటుంది, లాగిన్ పేజీ ఉండదు, వంటగదిలో పాలు కాచుకుంటూ పక్క గది చూడొచ్చు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో మూడు రాత్రులు మించి ఉండేట్టయితే హోటల్ కన్నా ఇదే మేలు. బుక్ చేసేటప్పుడు 'వైఫై ఉందా' అని అడిగితే అందరూ ఉందనే అంటారు. 'రూటర్ ఫ్లాట్ లోపలుందా, కారిడార్‌లోనా? కరెంటు పోతే రూటర్‌కు బ్యాకప్ ఉందా?' అని అడగాలి. ఇన్వర్టర్ ఫ్యాన్లకు, లైట్లకు మాత్రమే ఇచ్చి రూటర్‌ను మరిచిపోయిన ఫ్లాట్లు బోలెడు.

అరకు, లంబసింగి, మారేడుమిల్లి వైపు వెళ్తే లెక్క పూర్తిగా తారుమారు. వైఫై ఉన్నా రిసెప్షన్ చుట్టూనే, మొబైల్ సిగ్నల్ ఒక మలుపులో ఉండి మరో మలుపులో ఉండదు. ఇక్కడ వేలు పోసి కొన్న స్మార్ట్ కెమెరా కన్నా, ఇంటర్నెట్‌తో పనిలేకుండా తన తెర తనే తెచ్చుకునే రకం మానిటర్ గొప్పది. కెమెరా, చేతిలో పట్టుకునే తెర రెండూ రేడియోతో నేరుగా మాట్లాడుకుంటాయి, పరిధి దాటితే బీప్ కొడతాయి. డబ్బా మీద 300 మీటర్లు అని రాసేది ఖాళీ మైదానం లెక్క. రెండు గోడలు, ఒక శ్లాబు అడ్డొస్తే అందులో పదో వంతు మిగిలినా గొప్పే. పక్క కాటేజీ వరాండా దాకా సరిపోతుంది, చలిమంట దగ్గరికి రాదు.

కొండమీద కరెంటు కోతకు 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ చాలు. లోపలి నష్టాలు పోను 5 వోల్టుల దగ్గర 6,000 ఎంఏహెచ్ దాకా అందుతుంది. నైట్ విజన్‌తో కెమెరా అర ఆంపియర్ లాగినా పన్నెండు గంటలు వస్తుంది. విమానంలో దీన్ని చేతి సామానులోనే పెట్టుకోవాలి. డిసెంబరు చలిలో కెమెరా చూపించే గది ఉష్ణోగ్రతను నమ్మి దుప్పటి తీయకండి. సెన్సర్ కెమెరా వేడికే కాస్త ఎక్కువ చూపిస్తుంది. మంచం ఎత్తులో చిన్న థర్మామీటర్ ఒకటి విడిగా పెట్టుకోవడం మంచిది.

పెళ్లిళ్లకు ఫంక్షన్ హాల్ విడిది గది అన్నిటికన్నా కష్టమైన చోటు. కింద డోలు సన్నాయి, బయట డీజే, కాబట్టి శబ్దం హెచ్చరిక మోగుతూనే ఉంటుంది, కాసేపటికి ఎవరూ పట్టించుకోరు. సెన్సిటివిటీ తగ్గించి, వైబ్రేషన్, శబ్దాన్ని బట్టి వెలిగే లైట్ల గీతలు ఉన్న తెర పెట్టుకోవాలి. కరెంటు నుంచి జనరేటర్‌కు మారిన ప్రతిసారీ కెమెరా రీస్టార్ట్ అవుతుంది, లోపల బ్యాటరీ ఉన్న రకమైతే ఆ బాధ లేదు. ఇంత చేసినా గదికి తాళం వేసి మానిటర్ పెట్టి ముహూర్తానికి దిగడం కుదరని పని. అమ్మమ్మో పెద్దమ్మో గదిలో ఉండాల్సిందే. మానిటర్ వాళ్లకు తోడు, వాళ్ల బదులు కాదు.

తిరుమలకు మానిటర్ తీసుకెళ్లినా దర్శనం వేళ పనికిరాదు, ఎందుకంటే సెల్‌ఫోన్ ముందే డిపాజిట్ చేయాలి. గదిలో బిడ్డ దగ్గర ఎవరున్నా ఆ కొన్ని గంటలు వాళ్లదే బాధ్యత. ఏడాదిలోపు బిడ్డతో వచ్చే తల్లిదండ్రులకు సుపథం అనే విడి ప్రవేశమార్గం నుంచి ప్రవేశం ఇస్తారు. జనన ధ్రువపత్రం, ఆధార్ వెంట ఉంచుకుని, ఆ రోజు వేళలు కనుక్కుని బిడ్డతోనే వెళ్లడం మేలు.

అమ్మమ్మగారి ఊళ్లో ఇబ్బందులు వేరు. దోమతెర బయట కెమెరా పెడితే ఇన్‌ఫ్రారెడ్ వెలుగు తెర మీద పడి తిరిగొచ్చి, రాత్రి బొమ్మంతా తెల్లగా పొగమంచులా కనిపిస్తుంది. కెమెరాను తెర లోపల పెట్టకూడదు, వైరు బిడ్డ చేతికి అందుతుంది. వైరు మంచానికి కనీసం ఒక మీటరు దూరం ఉండాలి. నైట్ విజన్ ఆపేసి, గదికి అవతలి మూల చిన్న బెడ్ లైటు వేస్తే బొమ్మ తేటపడుతుంది. పరుపు కింద పెట్టే, బిడ్డ కదలికలను పసిగట్టే ప్యాడ్లు నులక మంచం మీద పనిచేయవు, వాటికి కింద గట్టి చెక్క కావాలి. పైగా సీలింగ్ ఫ్యాన్ అదురు కూడా వాటికి కదలికే. చీర ఊయలలోనైతే అన్నీ కదలికలే, చెప్పేదేముంది.

బిడ్డ గుండె వేగం, ఆక్సిజన్ చూసే, కాలికి తొడిగే సాక్స్ రకం సంగతి కూడా ఇక్కడే. అవ్‌లెట్ డ్రీమ్ సాక్‌కు 2023లో అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అయినా ఉన్నట్టుండి వచ్చే శిశు మరణాల ముప్పు తగ్గించడానికని ఇలాంటి ఇంటి మానిటర్లను వాడమని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ చెప్పడం లేదు. ప్రయాణంలోనూ బిడ్డను వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండు లేకుండా పడుకోబెట్టడమే ముందు.

అమెరికా నుంచి సెలవులకు వచ్చేవాళ్లు పెట్టె సర్దేటప్పుడే అడాప్టర్ మీద అక్షరాలు చదవాలి. '100-240 వోల్ట్స్' అని ఉంటే మన 230కి ఏ భయం లేదు, పిన్ మార్చే ప్లగ్ ఉంటే చాలు. '120' ఒక్కటే ఉంటే కాలిపోతుంది. అక్కడి డెక్ట్ 6.0 (కార్డ్‌లెస్ ఫోన్ల రేడియో పద్ధతి) ఆడియో మానిటర్లు 1920-1930 మెగాహెర్ట్జ్‌లో నడుస్తాయి. ఇక్కడ అది మొబైల్ కంపెనీల స్పెక్ట్రమ్, వాటిని అక్కడే వదిలి రావాలి. వైఫై కెమెరాకు ఆ గొడవ లేదు గానీ, అమెరికా మోడల్‌కు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో 11వ చానల్ దాకానే తెలుసు. ఇక్కడి రూటర్ తనంతట తానే 12కో 13కో వెళ్తే ఆ వైఫై కెమెరాకు ఉన్నట్టుండి మాయమవుతుంది. రూటర్‌లో 1, 6, 11లో ఏదో ఒకటి ఖాయం చేయాలి.

బంధువుల ఇంట్లో కెమెరా పెడితే అందులో మైకు కూడా ఉందని ఇంటివాళ్లకు ముందే చెప్పండి. పక్క గదిలో అత్తగారు, ఆడపడుచు మాట్లాడుకునేవి కోడలి ఫోన్‌లో వినిపిస్తే ఆ గొడవను ఏ యాప్ అప్‌డేటూ తీర్చలేదు. పాలిచ్చే వేళ కెమెరాను గోడ వైపు తిప్పడమో ప్లగ్ తీయడమో చేయాలి. పాస్‌వర్డ్ కొత్తది, రెండంచెల లాగిన్ తప్పనిసరి. బస ఖాళీ చేసేటప్పుడు కెమెరాతో పాటు మంచం వెనక సాకెట్‌లో ట్రావెల్ రూటర్ కూడా తీశారో లేదో చూసుకోండి, దాని లోపల ఇంటి వైఫై పాస్‌వర్డే ఉంది.