పెళ్ళి మేళం క్లారినెట్ నుంచి స్టూడెంట్ ఒబోకి: మీటల మీద నా సమీక్ష

బరంపురం చుట్టుపక్కల పెళ్ళి మేళాల్లో క్లారినెట్ వాయిస్తాను. ఒబో కొని కొన్నేళ్ళయింది. సన్నాయిలాగే జంట రెల్లు ముక్కల రీడుతో ఊదే పాశ్చాత్య వాయిద్యం ఇది. సెకండ్ హ్యాండ్ స్టూడెంట్ మోడల్, కర్రది కాదు, నల్ల ప్లాస్టిక్‌ది. ఈ తరగతి వాయిద్యాలన్నీ ఇంచుమించు ఒకే తీరు కాబట్టి కంపెనీ పేరుతో పని లేదు. నాదం బావుంటుంది, పెట్టిన డబ్బుకి మోసం లేదు. కానీ దీనికి ఎడమ చిటికెన వేలితో నొక్కే ఎఫ్ మీట లేదు (ఎ నుంచి జి దాకా అక్షరాలు పాశ్చాత్య స్వరాల పేర్లు). మన రాగాలు వాయించేవాళ్ళకి అది చిన్న లోటేమీ కాదు.

సన్నాయి పట్టిన చేతికి ఒబో మొదట ఇనప సామాన్ల కొట్టులా కనిపిస్తుంది. రెండడుగులు దాటిన గొట్టం నిండా మూతలు, కడ్డీలు, మరలు. మీటల అమరికలో ఇప్పుడు ఎక్కువగా దొరికేది, నాదీ, కన్సర్వటోరీ పద్ధతి. అది 1906లో పారిస్‌లో ఒబో గురువు జార్జ్ జిలే, లోరే అనే ఒబో తయారీదారులు కలిసి స్థిరపరిచింది. అందులో వేళ్ళ కింద ఉండే కన్నాలన్నిటికీ మూతలే. ఇంగ్లండులో ఇంకో పద్ధతి ఉంది, ఎడమ బొటనవేలి కింద ఒక పలక ఉంటుంది. నెట్‌లో ఫింగరింగ్ చార్టు (ఏ స్వరానికి ఏ వేళ్ళో చూపే పట్టిక) దించుకునే ముందు అది ఏ పద్ధతిదో చూసుకోండి. ఆ ఇంగ్లీషు ఒబోలో పలక మీంచి బొటనవేలు తీస్తే వచ్చే పని, మన దాంట్లో కుడి చూపుడు వేలు నొక్కితే వస్తుంది.

నాకు అన్నిటికన్నా వింతగా అనిపించింది ఆ కుడి చూపుడు వేలే. సన్నాయిలో గానీ పిల్లనగ్రోవిలో గానీ కింద ఇంకో వేలు మూస్తే స్వరం దిగుతుంది, పెరగదు. ఇక్కడ ఎడమ చూపుడు వేలు ఒక్కటే మూస్తే బి పలుకుతుంది. అలాగే ఉంచి కుడి చూపుడు వేలు కూడా నొక్కితే సి! ఆ నొక్కుడు కడ్డీ గుండా వెళ్ళి పైభాగంలో ఒక చిన్న మూతని తెరుస్తుందన్నమాట. బి ఫ్లాట్ (బి కన్నా అర స్వరం కింద) కూడా అంతే, ఎ పట్టుకి, అంటే ఎడమ చూపుడు, మధ్య వేళ్ళకి, ఆ వేలు కలిపితే చాలు. చదవడానికి సులువుగానే ఉంది, చిక్కంతా ఎ నుంచి సి కి వెళ్ళేటప్పుడు. ఎడమ మధ్య వేలు లేవాలి, అదే క్షణంలో కుడి చూపుడు వేలు పడాలి. ఎడమది ముందు లేస్తే మధ్యలో బి తొంగిచూస్తుంది, కుడిది ముందు పడితే బి ఫ్లాట్. పెళ్ళిలో డప్పుల హోరులో ఎవరికీ తెలీదు, ఇంట్లో తంబూర పెట్టుకుని వాయిస్తే మాత్రం దొరికిపోతాం.

స్థాయి మార్చడం విషయంలో క్లారినెట్ వాళ్ళకి ఊరట. క్లారినెట్‌లో కింద ఎఫ్ పట్టు పైకెళ్ళేసరికి సి అవుతుంది, ఒకే పట్టుకి రెండు పేర్లు గుర్తుపెట్టుకోవాలి. ఒబోలో పట్టు మారదు, పేరు మారదు, స్థాయి మారుతుంది. డి, ఇ ఫ్లాట్ లాంటి వాటికి ఎడమ చూపుడు వేలు కిందికి దొర్లించాలి, మూతలో ఉన్న సూది బెజ్జం తెరుచుకుంటుంది. ఎత్తకూడదు, దొర్లించాలి. ఇ నుంచి జి షార్ప్ (జి కన్నా అర స్వరం పైన) దాకా బొటనవేలితో నొక్కే ఆక్టేవ్ కీ, అంటే స్థాయి పెంచే మీట, ఎ నుంచి సి దాకా చూపుడు వేలి పక్కన ఉండే రెండో కీ. నాది సెమీ ఆటోమేటిక్. రెండోది నొక్కగానే మొదటిది తనంతట తానే మూసుకుంటుంది, బొటనవేలు తీయాలన్న టెన్షన్ లేదు. ఈ ఏర్పాటు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా మొరాయించలేదు.

ఇక ఎఫ్ సంగతి. మామూలు ఎఫ్ కుడి ఉంగరపు వేలితో ఒక మీట నొక్కితే వస్తుంది. డి కి మూయాల్సిందీ ఆ వేలే. ఒకే వేలు రెండు చోట్ల ఉండలేదు కాబట్టి డి నుంచి ఎఫ్ కి జారాలి, జారితే మధ్యలో ఇ వినబడుతుంది. సి ని షడ్జమంగా పెట్టుకుని మధ్యమావతి రాగం వాయించి చూడండి. స రి మ ప ని. రి అంటే డి, మ అంటే ఎఫ్. ప్రతి సంచారంలోనూ ఆ జారుడే! రి, మ ల మధ్య గాంధారం వినిపిస్తే అది మధ్యమావతి అవుతుందా?

దీనికి ఒబోలో రెండు విరుగుళ్ళున్నాయి. ఒకటి ఎడమ చిటికెన వేలి ఎఫ్ మీట, అదే నా వాయిద్యానికి లేనిది. రెండోది ఫోర్క్ ఎఫ్: డి పట్టులో కుడి మధ్య వేలు ఒక్కటీ ఎత్తడం. వేలికి హాయిగా ఉంటుంది, కానీ స్వరం మూగగా, కాస్త ముక్కుతో పాడినట్టు వస్తుంది. ఖరీదైన వాటిలో దీన్ని సరిచేయడానికి రెజొనెన్స్ మీట ఉంటుంది. నా దాంట్లో అదీ లేదు. కుడి చిటికెన వేలితో ఇ ఫ్లాట్ మీట తెరిచి ఉంచితే కొంత నయం. వేగంగా పోయే చోట నేను ఇదే వాడతాను, మధ్యమం మీద నిలబడాల్సిన చోట మామూలు ఎఫ్ పడతాను.

షడ్జమాన్ని డి కి మారిస్తే ఇంకా సుఖం. అప్పుడు మధ్యమావతి డి, ఇ, జి, ఎ, సి అవుతుంది. ఎఫ్ అసలు రాదు. అయితే ప, ని ల మధ్య ఇందాక చెప్పిన ఎ, సి ల చిక్కు వచ్చి కూర్చుంటుంది. సాధనతో లొంగేది అదే కాబట్టి నేను డి కే ఓటేశాను. మాయామాళవగౌళకి మాత్రం సి యే మంచిది. ధైవతం ఎడమ చిటికెన వేలితో నొక్కే జి షార్ప్ మీట మీద పడుతుంది, అక్కణ్ణుంచి మధ్యమానికి దిగేటప్పుడు ఆ చిటికెన వేలు ఎత్తనక్కర్లేదు. కుడి చూపుడు వేలు పడగానే లోపల ఆ మూత మూసుకుంటుంది.

గమకాల విషయంలో ఆశ పెట్టుకోకండి. పర్లాకిమిడిలో సన్నాయి వాయించే ఒక పెద్దాయన దీన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "అన్నిటికీ మూతలెట్టేస్తే వేలు ఎక్కడ జారుద్దిరా అబ్బాయ్?" అన్నారు. నిజమే. సగం కన్నం మూసే వీలు లేదు, ఉన్నదంతా పెదవి, ఊపిరి, రీడు. స్వరం కిందికి వంగినంత సులువుగా పైకి వంగదు. మోహనం, హంసధ్వని పలికినంత చక్కగా తోడి పలకదు.

సంవత్సరాల తరబడి నన్ను విసిగించినవి మరలు. ఒక మూత ఇంకో మూతని ఎంత నొక్కాలో నిర్ణయించే సన్నటి స్క్రూలివి. ఒకటి వెంట్రుకవాసి కదిలినా కింద స్వరాలు పలకవు. నాకు అమ్మిన షాపులో అడిగితే రీడు మీదికి తోసేశారు. కొత్త రీడు పెట్టినా అంతే. చివరికి కళ్ళద్దాలు బాగుచేసే స్క్రూడ్రైవర్ కొనుక్కుని నేనే నేర్చుకున్నాను. జి షార్ప్ మరకి పరీక్ష ఇది: ఎఫ్ షార్ప్ ఊదుతూ జి షార్ప్ మీట నొక్కండి. స్వరం మారకూడదు. మారిందంటే ఆ మూత కింద గాలి పోతోంది. సిగరెట్ కాగితం ముక్క మూత కింద పెట్టి, మూసి, మెల్లగా లాగితే ఎక్కడ వదులుందో తెలుస్తుంది. మర తిప్పడం కొంచెం కొంచెంగానే. ముందు మర గాడి ఏ వైపుందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

బరంపురం గాలికి సముద్రపు తడి ఉంది, గోపాల్‌పూర్ పక్కనే కదా. సూది స్ప్రింగులు తుప్పు పడతాయి, వానాకాలంలో మూతల కింది మెత్తలు (ప్యాడ్లు) ఉబ్బుతాయి, రీడుకి బూజు పడుతుంది. వాయించాక లోపలి తడి తీయడానికి పాత పట్టుగుడ్డ వాడతాను. మన ఊళ్ళో దానికి కొదవ లేదు. గుడ్డని కింది వెడల్పు వైపు నుంచి పైకి లాగాలి. గొట్టం పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది, అందుకే గుడ్డకి వెనక వైపు కూడా దారం కట్టండి. ఇరుక్కుంటే వెనక్కి లాగడానికి అదొక్కటే ఆధారం.

కర్ర ఒబో కొందామా అని రాయగడ నుంచి ఒక మిత్రుడు అడిగాడు. వేడీ తడీ ఒక్కసారిగా మారితే కర్ర పగిలేది ఎక్కువగా పైభాగమే. పై ముక్క ప్లాస్టిక్‌ది, కింది ముక్క కర్రది ఉన్నవి కూడా వస్తాయి. రాత్రి చలిలో ఊరేగింపు, పొద్దున్నే ఎండలో ఇంకో పెళ్ళి, ఇలా తిరిగేవాళ్ళు అలాంటిదే వెతుక్కోమని చెప్పాను.