1,499కే మూడు గుళ్ళట!

శ్రీకాకుళంలో మేము దిగిన లాడ్జిలో గది అద్దె 1,400. వేడినీళ్ళు వచ్చాయి, పక్క దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. నా కోపమంతా కింద హాల్లో అద్దానికి అంటించిన కాగితం మీదే: 'అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం, కారులో రూ. 1,499 మాత్రమే'. ముఖలింగం చూడాలని అత్తయ్యకు ఏళ్ళ నాటి కోరిక. వెంటనే డబ్బు కట్టేశారు మావారు.

అరసవల్లి దర్శనం సాఫీగా అయింది. శ్రీకూర్మంలో రెండు ధ్వజస్తంభాలు, ఆవరణలో నక్షత్ర తాబేళ్ళు చూసి పిల్లవాడు కదలనన్నాడు. తీరా బయల్దేరితే కారు ముఖలింగం దారి పట్టకుండా ఒక బట్టల దుకాణం ముందు ఆగింది. "పదే పది నిమిషాలమ్మా" అన్నాడు డ్రైవరు.

గుమ్మానికి బ్యానరు: 'అసలైన పొందూరు ఖద్దరు చీర 899కే'. ఆ చీర చూపించమంటే "నిన్ననే అయిపోయాయండీ" అని, 6,400 చీటీ మీద ఎర్రగీత కొట్టి 3,200 అని రాసిన చీర పరిచాడు. అంచు తిప్పి చూశాను. పోగులన్నీ అచ్చు గుద్దినట్టు ఒకే లావు. చేత్తో వడికిన నూలయితే ఎక్కడో ఒకచోట సన్నమై, ఇంకోచోట ఉబ్బి వేలికి తగులుతుంది. అసలైన ఖద్దరని తెలిపే ఖాదీ మార్కు ఏదని అడిగితే ఫ్యాను వేగం పెంచి కూల్‌డ్రింకులు తెప్పించాడు! ముప్పావుగంట పోయింది, ఏమీ కొనలేదు. డ్రైవరు ముఖం మాడింది.

ఆ తర్వాత అసలు సంగతి బయటపడింది. 1,499 నలభై కిలోమీటర్లకేనట, ముఖలింగానికి ఇంకో 1,600 కట్టాలట. షరతులు అద్దం మీదే ఉన్నాయట. ఉన్నాయి, పూలకుండీ వెనక, చీమ తలకాయంత అక్షరాల్లో. ఇచ్చే ఉద్దేశం లేకుండా తక్కువ ధర ప్రకటించడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపారమేనని మావారు లాడ్జి గుమాస్తాకు పాఠం చెప్పి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించారు. డబ్బు మాత్రం చేతికి రాలేదు.

మర్నాడు బయట మాట్లాడుకున్న కారులో, రానూపోనూ 2,200కు, ముఖలింగం వెళ్ళాం. వంశధార ఒడ్డున మధుకేశ్వరుడి ముందు అత్తయ్య గంటసేపు కూర్చున్నారు. ఖద్దరు కావాలంటే రైలెక్కి నేరుగా పొందూరులోనే దిగండి. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతున్న ఆవిడను అక్కడే చూశాం, నేను పంచె కూడా అక్కడే కొన్నాను. తిరుగు రైల్లో విజయనగరం దాటేదాకా అత్తయ్య ఆ డ్రైవరుకు శాపనార్థాలు పెడుతూనే ఉన్నారు.