‘స్పెషల్ పిల్లల వంట కిట్’కి డబ్బు కట్టేముందు ఇది చదవండి

ఎదిగిన స్పెషల్ పిల్లలున్న అమ్మానాన్నలకు చెబుతున్నాను. ‘మీ తర్వాత మీ బిడ్డకు అన్నం ఎవరు పెడతారు?’ అని ఫోన్లో ఒక ప్రకటన తిరుగుతోంది. ఇండక్షన్ స్టవ్, బొమ్మల కార్డులు, కత్తి దిగని గ్లవ్స్, మూడు నెలల ఆన్‌లైన్ క్లాసులు, చివర్లో సర్టిఫికెట్. అన్నీ కలిపి రూ.18,500. రాత్రిళ్లు మనకు నిద్ర పట్టనివ్వని ప్రశ్ననే పట్టుకుని అమ్ముతున్నారు కాబట్టి చాలామంది కట్టేస్తారు. నేనూ కట్టాను.

మా అమ్మాయికి 23 ఏళ్లు, మేధో వైకల్యం ఉంది. చదవడం రాదు, అంకెలు పది దాకా గుర్తుపడుతుంది. ఎలక్ట్రిక్ కుక్కర్లో అన్నం తనే పెడుతుంది. ఉప్మా, చారు, ఆమ్లెట్ కూడా వచ్చేస్తే నేను ఊళ్లో లేని పూట కూడా తనకు ఇబ్బంది ఉండదని నా ఆశ. ఫోన్లో మాట్లాడినావిడకు ఇదంతా వివరంగా చెప్పాను. “ఇలాంటి పిల్లల కోసమే తయారు చేశాం మేడమ్” అంది. పాపకు ఫిట్స్ వస్తాయా, చేతి పట్టు ఎలా ఉంది, వేడి అంటే భయమా, ఏ ఒక్కటీ అడగలేదు. వెంటనే పేమెంట్ లింకు మాత్రం పంపింది.

వచ్చిన స్టవ్ మామూలు బజారు స్టవ్వే, పైన వీళ్ల స్టిక్కర్ అతికించారు. మీటలు లేవు, అంతా నున్నటి టచ్ ప్యానెల్. పచ్చిమిర్చి కడిగిన తడి చేత్తో నొక్కితే అది పలకలేదు. చెయ్యి తుడుచుకుని మళ్లీ నొక్కమన్నాను. ఈసారి ప్లస్ గుర్తు మీద వేలు అదిమి పట్టుకుంది, ఎంతసేపటికి తియ్యాలో తనకేం తెలుసు? వేడి చివరిదాకా ఎక్కేసింది. నూనె పొగలొచ్చి ఆవాలు మొహం మీదకి చిట్లాయి. కళ్లజోడు ఉండబట్టి కళ్లకేమీ కాలేదు, బుగ్గ మీద రెండు చోట్ల కాలింది. ఆ తర్వాత చాన్నాళ్లు వంటింటి గడప తొక్కలేదు. రోజూ ఇష్టంగా పెట్టే అన్నం కూడా మానేసింది. పద్దెనిమిది వేలు పోయినందుకు కాదు, దీనికి నాకు మండింది.

కార్డులు ఇంకో తమాషా. సగం పాస్తా, ప్యాన్‌కేకులు. ఉప్మా కార్డులో ‘తగినంత ఉప్పు వేసి, రవ్వ దోరగా వేగాక’ అని ఉంది. “తగినంత అంటే ఎన్ని చెంచాలమ్మా?” అని ఉప్పు డబ్బా పట్టుకుని నిలబడింది మా పిల్ల. తన ప్రశ్నే కరెక్టు. చదవలేని పిల్లలకిచ్చే బొమ్మల కార్డులో బొమ్మ ఒక్కటి, అక్షరాలు పది వరుసలు! గ్లవ్స్ సైజు మగవాళ్లది, వేలి చివర ఖాళీగా వేలాడుతుంటే కత్తి అందులోనే చిక్కుకునేది.

క్లాసుల్లో కోచ్ గారు మాట్లాడుతుంటారు, పిల్లలందరూ మ్యూట్‌లో. హోంవర్క్ వీడియోలు పంపితే చాలు, వంట పిల్ల చేసిందా తల్లి చేసిందా ఎవరూ చూడరు. సర్టిఫికెట్ మటుకు అందరికీ వస్తుంది, ఉప్మాలో కరివేపాకు బదులు వేసుకోవచ్చు. స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పనిచేసేవాళ్లకు భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, ఇచ్చే సీఆర్ఆర్ (రిజిస్ట్రేషన్) నంబరు ఉండాలి. ఈయన్ని అడిగితే ‘ఇంటర్నేషనల్ సర్టిఫైడ్’ అన్నాడు కానీ నంబరు చెప్పలేదు. మీరు ఈ ప్రశ్న ముందే అడగండి. నంబరు చెబితే ఆర్‌సీఐ వెబ్‌సైట్లో వెతికి చూసుకోవచ్చు.

డబ్బు వెనక్కివ్వమంటే ‘తెరిచిన కిట్ తీసుకోం’ అన్నారు. గట్టిగా అడిగితే “ప్రాబ్లమ్ కిట్‌లో లేదు మేడమ్, మీ పాప లెవెల్లో ఉంది” అన్నారు. పాప లెవెల్ చెప్పాకే కదా డబ్బు తీసుకున్నారు!

ఇప్పుడు మేం చేస్తున్నది చెబుతాను. సికింద్రాబాద్ బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే సంస్థ ఎన్ఐఈపీఐడీకి తీసుకెళ్లాను. అక్కడ ముందు పిల్లను చూశారు, తర్వాతే వంట సంగతి మాట్లాడారు. ఉప్మాను చిన్న చిన్న పనులుగా విడగొట్టి, చివరి పని నుంచి వెనక్కి నేర్పమన్నారు. మొదట్లో అంతా నేనే చేసి, స్టవ్ ఆపి ప్లేట్లో పెట్టడం మాత్రం తనకు వదిలేదాన్ని. అది కుదిరాక మూత పెట్టడం, ఆ తర్వాత రవ్వ పొయ్యడం. ఏ పూటైనా వంట తన చేతిలోనే పూర్తవుతుంది కాబట్టి విసుక్కోదు. తిప్పే మీట ఉన్న మామూలు ఇండక్షన్ స్టవ్ కొని, ఆగాల్సిన చోట ఎర్ర టేపు అంటించాను. నీళ్ల గ్లాసుకూ అదే టేపు. ఉప్పుకి ఒకటే చెంచా, అది డబ్బాలోనే ఉంటుంది. ఆవాలు మాత్రం ఇప్పటికీ నేనే వేస్తున్నాను, భయం ఇంకా పోలేదు.

ఇప్పటికే డబ్బు కట్టేసినవాళ్లు ఊరుకోకండి. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువులోగా, రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బివ్వాలి. అందుకే ఆలస్యం చేయొద్దు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, 5 లక్షల లోపు కొనుగోళ్లకు ఫీజు లేదు, ఆన్‌లైన్లోనే వేయొచ్చు. ప్రకటన స్క్రీన్‌షాట్, చాట్, బిల్లు దాచుకోండి. నాతో ఫోన్లో అన్న మాటలకు రుజువు లేక ఇబ్బంది పడుతున్నాను, మీరు ప్రతిదీ మెసేజ్‌లో రాయించుకోండి. నా ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. ఈలోగా అదే కిట్ బాక్స్ రంగు మార్చుకుని కొత్త పేరుతో మళ్లీ కనబడుతోంది, ధర రూ.14,999 చేశారు.