నీలి టోపీనా, సంకీర్ణ సేనా?

తిరుపతి బస్టాండు దగ్గర టీ కొట్టు. గొడవలు రేగిన దేశానికి ఐక్యరాజ్యసమితి (ఐరాస) శాంతి దళాన్ని, అంటే నీలి టోపీలని పంపాలా, ఒక దేశం నడిపే సంకీర్ణ సేనని పంపాలా అని మాట వచ్చింది. మాజీ జవాను మా మామ గ్లాసు కింద పెట్టి, "నీలి టోపీవోని చేతిలో తుపాకి ఉంటాది అల్లుడూ, మామూలుగా వాడి మింద పడితే తప్ప కాల్చేదానికి లేదు" అన్నాడు.

అంతేనా? ఐరాస దళం ఉండాలంటే ఆ దేశం ఒప్పుకోవాలి. 1967లో ఈజిప్టు పొమ్మంటే సినాయ్ నుంచి లేచి రావాల్సి వచ్చింది. రువాండాలో 1994 ఏప్రిల్‌లో, ఊచకోత సాగుతుండగానే, సుమారు 2,500 మందిని 270కి తగ్గించమని భద్రతా మండలే తీర్మానించింది.

రెండోది, మండలి అనుమతితో ఒక దేశం నడిపే సంకీర్ణ సేన. తూర్పు తైమూరుకు 1999 సెప్టెంబరు 15న తీర్మానం. 20కల్లా ఆస్ట్రేలియా దళాలు దిగేశాయి. కాకపోతే పెద్ద దేశానికి పట్టని చోటికి ఎవరూ రారు.

ప్రాణాల మీదికొచ్చినప్పుడు నా ఓటు రెండోదానికే. ఏళ్ల తరబడి కాపలాకి నీలి టోపీయే నయం. సైప్రస్‌లో 1964 నుంచీ ఉంది. అక్కడే 1965లో మన జనరల్ తిమ్మయ్య, ఆ దళానికి కమాండరుగా ఉంటూ కన్నుమూశారు.