పాత పాఠాల కోసం కొన్న రింగ్ ఫైల్: రెండేళ్లు వాడాక

"అక్కా, ఇదే పాఠం మా అన్నయ్య నోట్‌బుక్‌లో ఉంది."

మా చర్చి యూత్ మీటింగ్‌లో నేను బైబిల్ పాఠం చెబుతుంటే మధ్యలో ఒక పిల్ల అన్న మాటిది. నిజమే. ఏడేళ్ల కిందటి పాఠానికి తేదీ మార్చి పట్టుకెళ్లాను. పదమూడేళ్లకు వచ్చినవాళ్లు ఇరవై దాటేసరికి చదువులనీ ఉద్యోగాలనీ వెళ్లిపోతారు, ఇక ఎవరికి గుర్తుంటుందిలే అనుకున్నాను. తమ్ముళ్లూ చెల్లెళ్లూ వస్తారన్న సంగతే తట్టలేదు.

ఆ వారమే ఈ ఫైల్ కొన్నాను. ఏ4 సైజు, నాలుగు రింగులు, గట్టి అట్ట. అప్పటిదాకా నా పాఠాలన్నీ ఒక సంచిలో ఉండేవి: సగం నోట్‌బుక్కుల్లో, సగం విడి కాగితాల మీద. నోట్‌బుక్‌తో చిక్కేమిటంటే అందులో పాఠం కదలదు. ఒక పేజీ తీసి పక్కన పెట్టలేం, మధ్యలో కొత్తది దూర్చలేం.

కొనేటప్పుడు రింగు ఆకారం చూసుకోండి. ఇంతకుముందు నా దగ్గరున్నది గుండ్రటి రింగుల ఫైల్. అందులో చివరి పేజీలు వంపు దగ్గర ఇరుక్కుని, చిల్లులు చిరిగిపోయేవి. ఇది ఇంగ్లిష్ డి అక్షరం లాంటి రింగు. ఒకవైపు తిన్నగా ఉంటుంది కాబట్టి కాగితాలు ఒకే వరుసలో నిలబడతాయి, రెండేళ్లలో ఒక్క చిల్లూ చిరగలేదు.

దానికంటే ముఖ్యం లోపల పెట్టే ప్లాస్టిక్ కవర్లు. ఇక్కడ నాకొక దెబ్బ తగిలింది. పాత ఫైల్లో పీవీసీ కవర్లు వాడాను, అవి మెత్తగా, కాస్త వాసనగా ఉంటాయి. ఓ రోజు 2016 నాటి జిరాక్స్ కాగితం బయటికి లాగితే అక్షరాలు కవర్‌కే అంటుకుపోయి ఉన్నాయి. పీవీసీని మెత్తబరచడానికి కలిపే పదార్థం మెల్లగా బయటికొచ్చి జిరాక్స్ ఇంకును పట్టేస్తుందట. ఆ చర్చా ప్రశ్నలన్నీ ప్లాస్టిక్ మీద తిరగేసి చదువుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు ప్యాకెట్ మీద పాలీప్రొపిలీన్ అని ఉంటేనే కొంటున్నాను.

నేను వాడే పద్ధతి ఇది. కవర్‌లో ముందువైపు పాత పాఠం, వెనకవైపు సగం కాగితం. ఆ సగం కాగితం మీద చెప్పిన తేదీ, ఏ ప్రశ్నకు గది నిశ్శబ్దమైపోయిందో, ఏ జోక్‌కి ఎవరూ నవ్వలేదో రాస్తాను. మీటింగ్ అయిన రోజు రాత్రే రాయాలి, తెల్లారితే మర్చిపోతాం. మళ్లీ చెప్పేటప్పుడు నేను మొదట చదివేది వెనకవైపే.

2014లో రాసిన తప్పిపోయిన కుమారుని పాఠం తీసుకోండి. యేసు చెప్పిన కథ అది: చిన్న కొడుకు ఆస్తిలో వాటా తీసుకెళ్లి, అంతా పోగొట్టుకుని తిరిగొస్తే తండ్రి విందు చేస్తాడు, ఇంటిపట్టునే ఉన్న పెద్ద కొడుకు అలిగి బయటే నిలబడతాడు. అందులో ఒకే పాపం చుట్టూ తిరగడానికి గీతలు పడిన సీడీని ఉదాహరణగా పెట్టాను, పాట అక్కడక్కడే తిరుగుతుంది కదా. ఇప్పటి పిల్లలు సీడీ అలా ఆగడం చూడనే లేదు. బదులుగా ఫోన్ ఉదాహరణ ఒకటి వెతికి పెట్టాను, అదీ రెండేళ్లలో పాతబడుతుందని అర్థమై కొట్టేశాను. ఉదాహరణలు మీరే చెప్పండని వాళ్లనే అడిగితే నా సీడీ కంటే మంచివి వచ్చాయి.

అసలు మార్పు వేరేచోట జరిగింది. అప్పుడు నా వయసు ఇరవై మూడు, పాఠమంతా చిన్న కొడుకు మీదే నడిపాను. ఈసారి ఈ కథ ఉన్న లూకా సువార్త 15వ అధ్యాయం మళ్లీ చదివితే పెద్ద కొడుకు దగ్గర ఆగిపోయాను. తండ్రి బయటికొచ్చి బతిమాలతాడు, మరి అతను లోపలికి వెళ్లాడా? కథ చెప్పదు. మా గుంపులో సగం మంది పుట్టినప్పటి నుంచి చర్చిలోనే ఉన్నవాళ్లు. "వెళ్లాడంటారా?" అన్న ఒక్క ప్రశ్నకు ఇరవై నిమిషాలు పట్టింది. వెనక కాగితం మీద దానికి పెద్ద చుక్క పెట్టాను.

పాతదాన్ని మళ్లీ వాడటం బద్ధకమని మొహమాటపడేవాళ్లు బైబిల్‌లో యిర్మీయా గ్రంథం 36వ అధ్యాయం చదవండి. యిర్మీయా ప్రవక్త మాటలు రాసిన గ్రంథపు చుట్టను రాజు యెహోయాకీము కోసి కోసి నిప్పుల్లో వేస్తే, ప్రవక్త లేఖకుడు బారూకు ఆ మాటలన్నీ తిరిగి రాశాడు. అలాంటి మాటలు ఇంకా చాలా చేరాయి కూడా. నేను మొదటిసారి చేసింది అది కాదు లెండి, తేదీ మార్చడం.

లోపాలూ ఉన్నాయి. మూడు వందల పైచిలుకు కాగితాలు పడతాయన్నారు, కవర్లలో పెడితే అందులో సగం కూడా పట్టవు. నిండిన ఫైల్ ఒంటి చేత్తో ఎత్తలేం. కుక్కి పెడితే రింగులు సరిగా మూతపడక, ఆ సందులో కవర్లు తట్టుకుంటాయి. దేంట్లో ఏముందో వెతికే సదుపాయం ఎలాగూ లేదు. ఫోన్ యాప్‌తో స్కాన్ చేసి చూశాను కానీ నా చేతిరాత దానికి అంతుపట్టలేదు. కాబట్టి మొదటి పేజీలో లేఖనభాగాల వరుసలో ఒక పట్టిక చేత్తో రాసి పెట్టుకున్నాను.

ఐదుకు నాలుగు నక్షత్రాలు. ఐదోది తగ్గించింది విడదీసే అట్టల వల్ల. కవర్లు ఏ4 కంటే వెడల్పు కదా, ఫైల్‌తో వచ్చిన అట్టల చెవులు వాటి వెనక దాక్కుంటాయి. 'సువార్తలు' అని రాసిన చెవి కనబడాలంటే ఫైల్ తెరిచి వెతకాల్సిందే. వెడల్పు అట్టలు విడిగా కొనుక్కున్నాను.