ఆరేళ్ళుగా వాడుతున్న పుల్లల స్టాండ్లు: ఏవి పోయాయి, ఏది నిలిచింది

ప్లాస్టిక్ మోడల్ కిట్ల చిన్న ముక్కల్ని రంగు వేసి ఆరేదాకా పుల్లల మీద నిలబెట్టడానికి ఒక స్టాండు కావాలి. ఇప్పుడు నా బల్ల మీదున్నది నాలుగోది. మొదటి మూడు కూడా నేను చేసుకున్నవే. ఒక్కోటి ఒక్కోరకంగా ఇబ్బంది పెట్టింది. ఈ నాలుగోది 2021 దసరా సెలవుల్లో చేశాను, ఇప్పటికీ రోజూ పనిచేస్తోంది. ప్లాస్టిక్ మోడల్ కిట్లు కట్టేవాళ్ళు వరంగల్‌లో తక్కువే. కొత్తగా మొదలుపెట్టిన పిల్లలు ఎవరైనా కలిస్తే ఏ రంగు కొనాలి, ఏ ఎయిర్ బ్రష్ మంచిది అని అడుగుతారు. చిన్న ముక్కల్ని దేనికి పట్టించి రంగు వేయాలి అని మాత్రం ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు. నా దగ్గర పాడైన ముక్కల్లో సగానికి పైగా అక్కడే పాడయ్యాయి, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను కట్టేవి ఎక్కువగా 1/72 స్కేలు, అసలు కొలతలో 72వ వంతు ఉండే విమానాలు. అంటే ఐదడుగుల తొమ్మిదంగుళాల పైలట్ రెండున్నర సెంటీమీటర్లు కూడా ఉండడు. మిగ్-21 వెనక చక్రం రూపాయి బిళ్ళ అడ్డుకొలతలో సగం ఉంటుంది. క్షిపణి రెక్క అయితే వేలిగోరు మీద పెడితే కనపడదు. వీటిని వేళ్ళతో పట్టుకుని రంగు వేయడం కుదరదని మొదటి కిట్‌కే తెలిసిపోతుంది. ఆలస్యంగా తెలిసేది ఇంకోటి ఉంది. రంగు వేసేది రెండు నిమిషాలు, ఆరేది గంటలు. యాక్రిలిక్ రంగు పావుగంటకో ఇరవై నిమిషాలకో చేతికి అంటకుండా ఆరుతుంది. ఎనామెల్‌కి ఒక రాత్రి పడుతుంది, పూర్తిగా గట్టిపడటానికి ఇంకా రోజులు కావాలి. అన్ని గంటలూ ఆ ముక్క ఎవరికీ తగలకుండా, దుమ్ము పడకుండా, ఒరగకుండా నిలబడాలి. స్టాండు అసలు పని బ్రష్ కింద పెట్టాక మొదలవుతుంది. నేను మొదట చేసిన స్టాండ్లన్నీ రంగు వేసే రెండు నిమిషాల కోసం చేసినవి, అందుకే పోయాయి.

మొదటిది థర్మకోల్. అందరూ దానితోనే మొదలుపెడతారు. టీవీ పెట్టెలో వచ్చిన దిమ్మ ఉంది, అగరుబత్తి పుల్లలు ఉన్నాయి, గుచ్చితే నిలబడ్డాయి. 2019లో ఒక హంటర్ యుద్ధవిమానం రెక్కల కింద వేలాడే డ్రాప్ ట్యాంకులు (అదనపు ఇంధనపు ట్యాంకులు) నాలుగూ ఆ దిమ్మ మీదే పెట్టి, డబ్బా స్ప్రేతో సిల్వర్ కొట్టాను. భోజనం చేసి వచ్చేసరికి దిమ్మ మీద గుంటలు పడి ఉన్నాయి. పుల్లలు ఒకదాని మీద ఒకటి ఒరిగి రెండు ట్యాంకులు అతుక్కుపోయాయి. అప్పుడు తెలుసుకున్నది ఏమిటంటే, థర్మకోల్ కూడా పాలిస్టైరీనే. మన కిట్‌లో ఉండే ప్లాస్టిక్ కూడా చాలావరకు అదే. కిట్ ముక్క గట్టిగా ఉంటుంది కాబట్టి స్ప్రేలో ఉండే థిన్నర్‌ని కాసేపు తట్టుకుంటుంది. థర్మకోల్‌లో మాత్రం ఎక్కువ భాగం గాలే, అందుకని చూస్తుండగానే కరిగి కుంగిపోతుంది. ఫెవిక్విక్ చుక్క పడినా అంతే. నీళ్ళతో కలిపే యాక్రిలిక్ రంగులు మాత్రమే, అదీ బ్రష్‌తో వేసేవాళ్ళకి థర్మకోల్ చాలు. స్ప్రే డబ్బా కొన్న రోజే దాన్ని బయట పడేయాలి.

అగరుబత్తి పుల్లల గురించి కూడా ఒక మాట. సన్నగా, నిటారుగా ఉంటాయి, చిన్న రంధ్రాల్లోకి బాగా వెళ్తాయి. ఇంట్లో రోజూ మిగిలేవే కాబట్టి ఖర్చూ లేదు. కానీ కింద గులాబీ రంగు అద్దిన పుల్లలు వాడొద్దు. థిన్నర్ తగలగానే ఆ రంగు దిగుతుంది. తెల్లగా ప్రైమర్ వేసిన చక్రం అంచున ఒకసారి గులాబీ గీత కనిపించింది. దాని మీద రెండు పొరలు తెలుపు వేసినా మళ్ళీ పైకి తేలింది.

రెండోది ఇసుక పోసిన పాత బిస్కెట్ డబ్బా. బరువు బాగుంది, ఎంత తగిలినా పడదు. కానీ పుల్ల తీసిన ప్రతిసారీ సన్నటి ఇసుక పైకి లేస్తుంది. ఎయిర్ బ్రష్ గాలి దాని మీదకి వెళ్తే ఇక చెప్పక్కర్లేదు. నెలన్నర వాడి వదిలేశాను.

మూడోది అట్టపెట్టె. మంచి స్టాండు, దాని మీద నాకు గౌరవం ఉంది. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెని నాలుగు సెంటీమీటర్ల వెడల్పు పట్టీలుగా, లోపలి ముడతలు నిలువుగా వచ్చేట్టు కోసి, ఫెవికాల్ రాసి ఒకదాని పక్కన ఒకటి అతికించి, చుట్టూ తాడు కట్టి ఒక రాత్రి ఉంచాను. పైనుంచి చూస్తే తేనెపట్టులా వందల రంధ్రాలు. పుల్ల ఎక్కడ గుచ్చితే అక్కడ నిలుస్తుంది. ఏ థిన్నర్ పడ్డా కరగదు. రూపాయి ఖర్చు లేదు. మొదటిసారి చేసేవాళ్ళకి నేను ఇదే చెప్తాను. నాకు రెండు వానాకాలాలు వచ్చింది. తర్వాత ముడతలు మెత్తబడి పుల్లలు మెల్లగా ఒరగడం మొదలైంది. పొద్దున వేసిన ముక్క సాయంత్రానికి పక్కదానికి ఆనేది. ఏడాదికోసారి కొత్తది చేసుకునే ఓపిక ఉంటే ఇంతకంటే ఇంకేమీ అక్కర్లేదు.

నాలుగోదానికి కర్ర నిర్మల్ నుంచి వచ్చింది. చుట్టాల పెళ్ళికి వెళ్ళినప్పుడు బొమ్మలు చేసే ఒక పెద్దాయన దగ్గర ఆగాను. నిర్మల్ కొయ్యబొమ్మలకి వాడేది పొనికి కర్ర, మెత్తగా, చాలా తేలికగా ఉంటుంది. పక్కన మిగిలిన ఒక దిమ్మ చూపించి ఇస్తారా అని అడిగాను. "గీ ముక్కతోని ఏం జేస్తవ్ బిడ్డా?" అన్నాడు. చెప్తే శ్రద్ధగా విన్నాడు. పుల్లలు గుచ్చే పనైతే రంధ్రం పుల్లకంటే వెంట్రుకవాసి సన్నగా వేసుకోమన్నాడు, కర్ర మెత్తనిది కాబట్టి తనే పట్టుకుంటుందని. ఆ మాట నాకు నాలుగేళ్ళుగా పనికొస్తోంది. టేకు ముక్క మీద అంతకుముందు ప్రయత్నించాను. దానిలో రంధ్రం కాస్త పెద్దదైతే పుల్ల ఊగుతుంది, కాస్త చిన్నదైతే అసలు దిగదు. పొనికిలో ఆ తంటా లేదు.

దిమ్మ ఇరవై సెంటీమీటర్ల పొడవు, పదిహేను వెడల్పు, నాలుగు మందం. రెండున్నర సెంటీమీటర్ల ఎడంతో వరసకి ఏడు చొప్పున ఐదు వరసలు, మొత్తం 35 రంధ్రాలు వేశాను. ఒక్కటే లోపం, బరువు లేదు. నాలుగైదు పుల్లలు ఒక పక్కకి చేరితే తూలేది. దానికి మందు మన దగ్గరే దొరికింది. కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైట్ ముక్కలు ఇక్కడ ఏ గ్రానైట్ షాపు బయట చూసినా పడి ఉంటాయి. అడిగితే అదే కొలతకి కోసి ఇచ్చారు, దాదాపు కిలోన్నర బరువు. అరాల్డైట్‌తో కింద అతికించాను. ఇక ఆ రోజు నుంచి ఇది ఒక్కసారి కూడా పడలేదు. మా చిన్నోడు కొట్టిన టెన్నిస్ బంతి వచ్చి బల్లకి తగిలినా పుల్లలు ఊగాయి గానీ స్టాండు కదల్లేదు.

పుల్లల విషయంలో కొబ్బరి చీపురు ఈనెలు వద్దు. వంగుతాయి, బ్రష్ ఆనించగానే ముక్క అవతలికి పోతుంది. సూపర్ మార్కెట్లో పనీర్ టిక్కా కోసం అమ్మే వెదురు పుల్లలు చాలు, మూడు మిల్లీమీటర్ల మందం. వాటిని అన్నీ ఒకే పొడవుకి, పన్నెండు సెంటీమీటర్లకి కోసుకోండి. ఎందుకో కింద చెప్తాను.

పుల్ల చివర మొసలి క్లిప్పు. కరెంటు పనివాళ్ళు వాడే చిన్న క్లిప్పులే. హైదరాబాద్ వెళ్ళినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో ఒకేసారి యాభై తెచ్చుకున్నాను. క్లిప్పు తోకలో పుల్ల దూర్చి, ప్లయర్‌తో నొక్కి, ఒక చుక్క ఫెవిక్విక్ వేస్తే ఊడదు. ఆ క్లిప్పు పళ్ళు మాత్రం మెత్తటి ప్లాస్టిక్‌ని కొరుకుతాయి. ఒక ల్యాండింగ్ గేర్ తలుపు మీద రెండు వరసల పంటిగాట్లు పడి, పుట్టీ పెట్టి అరగదీయాల్సి వచ్చింది. దీనికి నేను వెతికిన వాటిలో అన్నిటికంటే చవకైనదీ మేలైనదీ సైకిల్ షాపులో దొరికే వాల్‌ట్యూబు. ఆ సన్నటి రబ్బరు గొట్టాన్ని ఎనిమిది మిల్లీమీటర్ల ముక్కలుగా కోసి, క్లిప్పు రెండు దవడలకీ తొడగాలి. కాస్త ఉమ్మితడి చేస్తే సులువుగా ఎక్కుతుంది. ముక్క జారదు, గాటు పడదు. థిన్నర్ ఆవిరికీ ఎండకీ ఆ రబ్బరు ఏడాదిలో పగులుతుంది. నేను ప్రతి ఉగాదికీ అన్నిటికీ కొత్తవి తొడుగుతాను, అరగంట పని.

క్లిప్పుతో ఎక్కడ పట్టాలి అన్నది క్లిప్పుకంటే ముఖ్యం. ముక్కకి అతికించే చోట ఒక చిన్న మేకులాంటిది ఉంటుంది కదా, దాన్నే పట్టాలి. అక్కడ పట్టితే రెండు లాభాలు. క్లిప్పు కింద రంగు పడని మచ్చ బయటికి కనిపించదు. ఇంకోటి, ప్లాస్టిక్ సిమెంటు ప్లాస్టిక్‌ని కరిగించి అతికిస్తుంది, మధ్యలో రంగు పొర ఉంటే అతుకు నిలవదు. మేకుని క్లిప్పు మూసేస్తే అక్కడ రంగు పడదు, తర్వాత గీకే పని తప్పుతుంది. మేకు లేని ముక్కని స్ప్రూ నుంచి, అంటే ముక్కలన్నీ అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం నుంచి, కోసేటప్పుడే అర సెంటీమీటరు తొండెం ముక్కకి వదిలేయండి. రంగు ఆరాక ఆ తొండెం కోసి, ఆ చోట ఒక్క చుక్క రంగు వేస్తే సరిపోతుంది.

చక్రాలకి క్లిప్పు వద్దే వద్దు. టూత్‌పిక్ మొన ఇరుసు రంధ్రంలోకి దూరితే చాలు, ఏ కొలత రంధ్రానికైనా ఎక్కడో ఒకచోట బిగుస్తుంది. ముందు లోపలి చక్రానికి రంగు వేసి ఆరనివ్వాలి. తర్వాత టూత్‌పిక్‌ని ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి మెల్లగా తిప్పాలి. కుడిచేతిలో బ్రష్ కదలకూడదు, మోచెయ్యి బల్లకి ఆనించి, బ్రష్ మొన టైరు అంచుకి తాకించి అలాగే ఉంచాలి. చక్రమే తిరిగి గీత గీసుకుంటుంది, కుమ్మరి సారె మీద కుండకి గీత పడ్డట్టు. మొదటిసారి ఆ నల్లటి వలయం తెంపు లేకుండా మొదలైన చోటికే వచ్చి కలిసినప్పుడు నేను చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. స్టెన్సిల్ అక్కర్లేదు, రంగు పడకూడని చోట కప్పే మాస్కింగ్ అక్కర్లేదు.

పుల్లల పొడవు సంగతికి వస్తాను. మా ఇల్లు ఎనుమాముల మార్కెట్‌కి దగ్గర. పత్తి సీజన్‌లో లారీలు, ఆటోట్రాలీలు వరసకట్టినప్పుడు రోడ్డు పక్క చెట్లకి కూడా తెల్లటి పింజ పట్టుకుని ఉంటుంది. అది గాలికి కిటికీలోంచి వస్తుంది. తడి రంగు మీద ఒక్క పోగు వాలిందంటే, 1/72 స్కేల్లో అది విమానం మీద పడ్డ తాడులా కనిపిస్తుంది. తీయబోతే రంగు లేస్తుంది, ఆరాక అరగదీస్తే మళ్ళీ మొదటినుంచి వేయాలి. రెండు చలికాలాలు ఇదే బాధ. చివరికి బేకరీలో కేకులు పెట్టే పారదర్శకమైన పెద్ద ప్లాస్టిక్ డబ్బా తెచ్చి, దిమ్మ మీద బోర్లించడం మొదలుపెట్టాను. పుల్లలన్నీ ఒకే ఎత్తు ఉంటేనే డబ్బా సరిగ్గా కూర్చుంటుంది. పన్నెండు సెంటీమీటర్లు ఆ డబ్బా లోతుని బట్టి వచ్చిన లెక్క. ముందు డబ్బా కొనండి, తర్వాత పుల్లలు కోయండి. స్ప్రే కొట్టాక పది నిమిషాలు ఆవిరి పోనిచ్చి అప్పుడు మూయాలి.

వానాకాలంలో గాలిలో తడి ఎక్కువున్నప్పుడు స్ప్రే వార్నిష్ తెల్లగా పొగ పట్టినట్టు అవుతుంది. దానికి ఏ స్టాండూ ఏమీ చేయలేదు, ఆ రోజు వార్నిష్ మానుకోవాలి. ఎండాకాలం సంగతి వేరు. క్లిప్పుకి బదులు జిగురు పుట్టీ (గోడకి పోస్టర్లు అంటించే మెత్తటి ముద్ద) వాడేవాళ్ళు మే నెలలో జాగ్రత్త. పై గదిలో మధ్యాహ్నం ఆ పుట్టీ మెత్తబడి, నిలబెట్టిన పైలట్ బొమ్మలు మెల్లగా పక్కకి వాలిపోయాయి.

రెడీమేడ్ స్టాండు కూడా ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించి చూశాను, పోల్చుకోవడానికి. ఇరవై క్లిప్పుల్లో ఆరు మొదటి నెలలోనే పుల్ల నుంచి ఊడాయి. దిమ్మ అట్టదే. ఆ డబ్బుతో నా స్టాండు రెండు చేసుకోవచ్చు.

ఈ స్టాండు మీద నేను చేసిన పెద్ద పని పోయిన సంవత్సరం జరిగింది. 1963లో మన వాయుసేనలో చేరిన మిగ్-21లకి 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు చెప్పారు. ఎప్పటినుంచో దాచుకున్న కిట్ ఆ వారమే తెరిచాను. ఒకేసారి 31 ముక్కలు స్టాండు మీదకి ఎక్కాయి. ప్రతి పుల్లకీ మాస్కింగ్ టేపుతో చిన్న జెండా అంటించి, కిట్ కాగితంలో ఉన్న ముక్క నంబరు రాశాను. ఇది చిన్న పనే గానీ అస్సలు మానొద్దు. కుడి తలుపు, ఎడమ తలుపు రంగు వేశాక ఒక్కలాగే కనిపిస్తాయి. పదకొండు రోజులు ఆఫీసు నుంచి వచ్చాక రోజూ గంటన్నర కూర్చున్నాను. ఒక్క ముక్క కింద పడలేదు, ఒక్కటి పోలేదు.

నాలుగేళ్ళలో ముందు వరసలోని ఏడు రంధ్రాలు వదులయ్యాయి, చేతికి దగ్గరగా ఉన్నాయని వాటినే ఎక్కువ వాడాను. రంపపు పొట్టు ఫెవికాల్‌లో కలిపి నింపి, ఆరాక మళ్ళీ డ్రిల్ వేశాను. ఇప్పుడు గట్టిగానే ఉన్నాయి. ఇంకోసారి చేస్తే దిమ్మ అడ్డంగా ఇంకో ఐదు సెంటీమీటర్లు పెద్దది తీసుకుంటాను.

నాకు ఇంకా దారి దొరకనిది కాక్‌పిట్ అద్దం ఒక్కటే. క్లిప్పు పెట్టడానికి దానికి మేకు ఉండదు, ఫెవిక్విక్ వాడితే ఆవిరికి లోపల తెల్లబడుతుంది. మాస్కింగ్ టేపుని జిగురు వైపు బయటికి వచ్చేట్టు ఒక వెడల్పాటి పుల్లకి చుట్టి, దాని మీద లోపలి వైపు ఆనించి పెడుతున్నాను. ఎండాకాలం బాగానే పట్టుకుంటుంది, వానాకాలం తెల్లారేసరికి ఒకవైపు వదిలేస్తుంది. ఈ జులైలో పుల్ల మీద లిక్విడ్ మాస్క్ (ఆరాక రబ్బరు పొరలా ఊడొచ్చే ద్రవం) చుక్క వేసి, అది సగం ఆరాక అద్దం నిలబెట్టి చూడాలనుకుంటున్నాను. దానికోసం ఒక పాత, గీతలు పడ్డ అద్దం తీసి పక్కన పెట్టాను.