ఇరుకు బాక్సుల్లో ఫాస్ట్ కనెక్టర్లు: నాలుగేళ్ల వాడకం తర్వాత

హైదరాబాద్‌లో ఇళ్లకు ఫైబర్ లైన్లు వేయడం నా పని. నాలుగేళ్లుగా ఎస్‌సీ/ఏపీసీ (చదరపు తల, వాలు కొస ఉన్న రకం) ఫాస్ట్ కనెక్టర్లు, అంటే ఫైబర్ కొసకు అక్కడికక్కడే చేత్తో బిగించే ప్లగ్గులు వాడుతున్నాను. ఫైబర్లను కరిగించి అతికే స్ప్లైసింగ్ మెషీన్ మోయక్కర్లేదు, చెయ్యి తిరిగితే ఐదు నిమిషాల్లో లైన్ వస్తుంది. చోటున్న దగ్గర వీటితో నాకు ఏ పేచీ లేదు.

తంటా అంతా గోడలోని స్విచ్ బాక్సులతోనే. బూటుతో (వెనక ఉండే తొడుగుతో) కలిపి కనెక్టర్ ఐదారు సెంటీమీటర్లుంటుంది. బాక్సులో అంత లోతు ఉండదు. మూత బిగించగానే బూటు వెనక కేబుల్ మడత పడుతుంది. జీ.657.ఏ2 ఫైబర్ అయితే 7.5 మిల్లీమీటర్ల వ్యాసార్థం దాకా వంపును తట్టుకుంటుంది. పాత జీ.652.డీకి 30 కావాలి. కేబుల్ మీద ఏ రకమో చదివాకే ఇప్పుడు మూత పెడుతున్నాను.

ఈ అలవాటు చిక్కడపల్లిలో ఒక పాత అపార్ట్‌మెంట్‌ వల్ల వచ్చింది. నేను వేసిన లైనే, వారానికే మోడెమ్ మీద ఎర్ర లైటు. పవర్ మీటర్ పెడితే మైనస్ 29 డీబీఎం (వెలుగు బలం కొలత; మైనస్ అంకె పెద్దదయ్యేకొద్దీ సిగ్నల్ బలహీనం). జీపాన్ (ఇళ్లకు ఫైబర్ ఇంటర్నెట్ ఇచ్చే పద్ధతి) మోడెమ్‌కు మామూలుగా మైనస్ 27 వరకే హద్దు. మూత విప్పి కేబుల్‌ను వదులు చేశాను, రీడింగ్ మైనస్ 21కి వచ్చేసింది. కనెక్టర్ బాగానే ఉంది, నేను కుక్కిన తీరే తప్పు. "మూత పెడితే మళ్లీ పోతుందా బాబూ?" అని అడిగారు ఆ ఇంటి పెద్దావిడ. "పోతుందమ్మా, బాక్సే మారుస్తాను" అని, గోడ పైన బిగించే చిన్న టెర్మినేషన్ బాక్సు పెట్టాను. ఆ లైన్ మీద మళ్లీ ఫోన్ రాలేదు.

ఇరుకులో చేతులు పెట్టి కనెక్టర్ కట్టడం పూర్తిగా మానేశాను. మీటరు కేబుల్ అదనంగా వదిలి, బయటికి లాగి, స్టూలు మీద పని చేస్తాను. ముందు బూటు ఎక్కించాలి. ఒలిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, క్లీవ్ చేసి (కొసను సాఫుగా తెంపి) కనెక్టర్ లోపలికి తోస్తే, వెనక ఫైబర్ సన్నగా విల్లులా ఉబ్బుతుంది. లోపలి గాజు కొసను మన ఫైబర్ తాకిందనడానికి అదే గుర్తు. ఆ ఉబ్బు పోకముందే లాక్ నొక్కాలి. ఉబ్బు రాకపోతే మళ్లీ క్లీవ్ చేయాల్సిందే, సర్దుకుపోతే నష్టం మనకే.

దుమ్ము, ఎండ వేడి ఉండే షాఫ్టుల్లో మాత్రం ఫాస్ట్ కనెక్టర్ వద్దంటాను. నేను వేసిన వాటిలో కొన్ని రెండు వేసవులు గడిచేసరికి సిగ్నల్ తగ్గాయి. అక్కడ ఇప్పుడు పిగ్‌టెయిల్‌కు (ఫ్యాక్టరీలోనే కనెక్టర్ బిగించిన చిన్న ఫైబర్ ముక్కకు) ఫ్యూజన్ స్ప్లైసే (కరిగించి అతికే జోడింపే) వేస్తున్నాను. సిగ్నల్ నష్టం 0.05 డీబీ (డెసిబెల్) లోపే, ఫాస్ట్ కనెక్టర్‌కు 0.3 దాకా పోతుంది.

ఆఫీసు ర్యాకుల్లో ఎల్‌సీ (ఎస్‌సీ కన్నా చిన్న కనెక్టర్) మేలు. దాని ఫెర్రూల్ (ఫైబర్ కొసను పట్టే సన్న గొట్టం) 1.25 మిల్లీమీటర్లే, ఎస్‌సీలో సగం. కానీ పక్కపక్కన కిక్కిరిస్తే లాచ్‌కు (పట్టి ఉంచే కొక్కేనికి) వేలు అందదు, లాగే పట్టీ ఉన్నవే తీసుకోండి. ఆకుపచ్చ ఏపీసీని నీలం యూపీసీలో ఎప్పుడూ గుచ్చకండి. ఏపీసీ కొస 8 డిగ్రీల వాలుగా, యూపీసీది వాలు లేకుండా ఉంటుంది, రెండూ సరిగ్గా ఆనవు.

తెగిన గాజు ముక్కలకు మూత గట్టిగా పట్టే డబ్బా ఒకటి జేబులోనే ఉంటుంది. పాకే పిల్లలున్న ఇంట్లో అయితే, లేచేముందు నేలంతా టేపుతో అద్ది చూస్తాను.